తుమ్మనివాళ్లు

మిర్చియార్డు గేటు దాటగానే
కొత్తవాడెవడో ఇట్టే తెలిసిపోతుంది.
తుమ్ముతాడు.
ఒకటా రెండా, కళ్లనీళ్లు కారేదాకా.
టిక్కీలు మోస్తున్న హమాలీలు
నడుం వంచినవాళ్లు వంచినట్టే
తల మాత్రం తిప్పి చూస్తారు: ఎవడ్రా వీడు?

ఇది నాకు చెప్పినవాడు నాగుల్ మీరా.
కొత్తపేట ల్యాబులో బల్లమీద చెయ్యి చాపి,
నేను నరం దొరక్క తడుముతుంటే.
తను తుమ్మి ఇరవయ్యేళ్లయిందట.
"మా యార్డుకి కుక్కెందుకమ్మా,
దొంగొస్తే వాడి ముక్కే మొరుగుతుంది."
నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు.

పద్నాలుగు రోజులుగా నీళ్లవిరేచనాలు.
అంతకు ముందు కాలి పుండుకి ఎర్రగోళీలు,
దగ్గుకి పచ్చవి, జ్వరానికి రెండు రంగులవి,
మందుల షాపు కుర్రాడు ఏది ఇస్తే అది.
మూడు వేసుకోవడం,
నాలుగోది చొక్కా జేబులో చెమటకి నానిపోవడం.

మర్నాడు మధ్యాహ్నం ఇంక్యుబేటర్ తెరిచాను.
లోపల ముప్పై ఏడు, బయట నలభై నాలుగు.
మే నెల గుంటూరులో
క్రిములకే కాస్త చల్లటి గది.

అందరి ప్లేటూ పట్నంబజారులా ఉంటుంది,
భుజాలు రాసుకుంటూ, ఒకళ్ల అరుగు మీద ఒకళ్లు.
ఇతనిది బందు రోజు.
షట్టర్లన్నీ దించేసిన వీధిలో
ఒక్క పరాయి మూక, ఇష్టారాజ్యంగా.

నేను చదివింది డిప్లొమా.
అయినా పదకొండేళ్లుగా మైక్రోస్కోపులోంచి చూస్తున్నదాన్ని,
నాకు అర్థమైనంత చెప్తాను.
పేగుల్లో కాపురాలున్నాయి.
మనం అరిగించుకోలేని పీచు తిని బతుకుతాయి,
జాగా ఖాళీ ఉంచవు.
వాటి పాత గోడల పెచ్చులు రాలి
నెత్తుట్లో కొట్టుకుపోయి
ఎముక మూలుగ దాకా చేరతాయి.
అక్కడ తెల్లకణాల కుర్రాళ్లు, ఇంకా మీసాలు రానివాళ్లు.
ఆ పెచ్చు తగిలితే చాలు
రాత్రి గూర్ఖా కర్ర చప్పుడు విన్నట్టు
ఒకసారి కదిలి, బూట్లు వెతుక్కుంటారు.
యుద్ధమేం లేదు. మెలకువ, అంతే.

చప్పుడు ఆగిన ఒంట్లో
కుర్రాళ్లకి కునుకు పడుతుంది.
గోళీకేం తెలుసు,
దొంగతో పాటు
కర్ర పట్టుకున్నవాణ్ని కూడా పడేసింది.

జాన్బీ తలుపు దగ్గర నిలబడి అడిగింది:
"పెరుగన్నం పెట్టొచ్చామ్మా?"
పెట్టమన్నారు డాక్టరుగారు, వేరే మందు రాస్తూనే.
పెరుగులోవి చుట్టాలే,
నాలుగు రోజులుండి మంచీచెడ్డా మాట్లాడి వెళ్లిపోతాయి.
కాపురం ఉండేవాళ్లు వేరే.
పుట్టినప్పుడు అమ్మ ఒంటినుంచి ఎక్కినవాళ్లు,
పాకినప్పుడు నేలనుంచి ఎక్కినవాళ్లు.

ఆ రాత్రి మా ఇంట్లో పాలు చల్లారాక
గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు కొట్టాను:
"కాస్త తోడుందా అండీ?"
ఊహ తెలిసినప్పటినుంచీ అంటున్న మాట
ఆ పూట నోట్లోనే కాసేపు ఆగింది.
తోడు.
ఎవరు పెట్టారో ఆ పేరు, భూతద్దం పుట్టకముందు.
పాలు ఒంటరిగా ఉండలేవు.
మనం తోడు వెయ్యకపోతే
తెల్లారేసరికి ఎవరో ఒకరు దిగుతారు,
విరిచేసి పోతారు.

శ్రావణం వానల నాటికి అతని ప్లేటులో
ఒక్కొక్క షట్టరే లేచింది.
మా రిపోర్టు కాగితంలో శత్రువుకే గడి ఉంది.
ఉన్నవాళ్లు మంచివాళ్లయితే
'ఏమీ లేదు' అని రాసి సంతకం పెడతాం.
కోట్లమందిని కళ్లెదురుగా పెట్టుకుని,
ఏమీ లేదని.

ఆ కాగితం ఇవ్వడానికి నేనే యార్డుకి వెళ్లాను.
గేటు దాటానో లేదో
ఒకటి, రెండు, ఆరు.
టిక్కీల కింద తలలన్నీ ఇటు తిరిగాయి.

వీపుమీది బరువు దించకుండానే
నాగుల్ మీరా అన్నాడు:
"పని చూస్కోండ్రా. మన మనిషే."

ఏడోది తుమ్మాను.
ఎవరూ చూడలేదు.